ఎర్రన్న కండకు నిర్వచనం

సూరాడ ఎర్రన్నకు జ్వరం తగ్గిన రోజునే మా ఆసుపత్రికి కండరాల మీద శ్రద్ధ పుట్టింది. ఈ రెండూ ఒకే రోజున జరగకపోయి ఉంటే ఆయన మధ్యాహ్నం బస్సెక్కి హాయిగా ఇంటికి వెళ్ళిపోయేవాడు.

నేను కళింగపేట జనరల్ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుని. పేరు హైమావతి. కాళ్ళూ చేతులూ పట్టు తప్పినవాళ్ళ చేత కసరత్తు చేయించి మళ్ళీ నడిపించడం నా పని. ఎర్రన్నకు నాతో అవసరం లేదు. ఆయన సముద్రం మీద వేట చేసుకునే మనిషి. అరవైకి దగ్గరపడుతున్నా, పడవను ఇసుక మీదికి తోసేటప్పుడు ముందు భుజం ఆయనదే. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం వేట ఆపించిన వేసవి రోజుల్లో మలేరియా పట్టుకుంటే, భార్య దానమ్మ తీసుకొచ్చి మా మగవాళ్ళ వార్డులో చేర్చింది. మందులు పడ్డాయి, జ్వరం దిగింది, ఆకలి పుట్టింది. డ్యూటీ డాక్టరు ఇంటికి వెళ్ళొచ్చని చీటీ రాశాడు. దానమ్మ సంచీ సర్దేసింది. పక్క మంచాల వాళ్ళకి కూడా చెప్పేసింది, వస్తామని.

అప్పుడే వార్డులోకి సర్క్యులర్ వచ్చింది.

మా సూపరింటెండెంటు డాక్టర్ శేషశయనం గారు ముందురోజు సాయంత్రమే గోవాలో జరిగిన ఒక వైద్య మహాసభ నుంచి తిరిగొచ్చారు. అక్కడ ఒక పెద్దమనిషి, ఒంట్లో ఇంత బరువున్న కండరానికి ఆరోగ్యమంటే ఏమిటో ఇప్పటిదాకా ప్రపంచంలో ఏ ఇద్దరు వైద్యులూ ఒక మాట మీద లేరని వాపోయాడట. ఆ మాట మా సూపరింటెండెంటు గారిని కలచివేసింది. గుండెకు లెక్క ఉంది. రక్తపోటుకు లెక్క ఉంది. పాపం కండ మాత్రం దిక్కూ మొక్కూ లేకుండా పడి ఉంది. దాన్ని మన కళింగపేట ఆసుపత్రే చేరదీయాలని ఆయన విమానం దిగకముందే నిశ్చయించుకున్నారు.

సర్క్యులర్ ఇలా ఉంది: "ఇందుమూలముగా సమస్త విభాగములకు తెలియజేయునది ఏమనగా, నేటి నుండి కండర ఆరోగ్య ధ్రువపత్రము లేనిదే ఏ రోగియు ఈ ఆసుపత్రి నుండి విడుదల కారాదు. కండర ఆరోగ్యమనగా నేమో నిర్వచించుటకు ఒక సంఘము ఏర్పాటు చేయబడుచున్నది. నిర్వచనము వెలువడు వరకు యథాతథ స్థితి పాటించవలెను."

ఈ కబురు తెలియగానే, నడవగలిగిన రోగులందరూ భోజనాల వేళ వెనక గోడ దూకి వెళ్ళిపోయారు. గోడ దూకగలిగినవాళ్ళ కండరాల గురించి ఎవరికీ అనుమానం ఉండనక్కర్లేదు కాబట్టి, సూపరింటెండెంటు గారు దాన్ని పట్టించుకోలేదు. ఎర్రన్న మాత్రం దూకలేదు. "జొరం తగ్గించినారు. ఆ బాబులు రెండ్రోజులుండమంటే ఉండనేనేటి? గోడలు దూకి ఎల్డానికి నానేటి దొంగనా?" అన్నాడు దానమ్మతో.

అలా నడవగలిగినవాళ్ళలో ఆయన ఒక్కడే మిగిలాడు. శేషశయనం గారు స్వయంగా వచ్చి ఆయన్ని చూసి, సంతోషంతో "సూచక రోగి" అని, అంటే నిర్వచనాన్ని మొదట పరీక్షించబోయే మనిషి అని, పేరు పెట్టారు. మంచం దగ్గర సింహాచలం అనే సెక్యూరిటీ మనిషిని కాపలా ఉంచారు. నన్ను సంఘానికి కార్యదర్శిని చేశారు.

"చూడమ్మా హైమావతీ," అన్నారు, "ఈ కండ ఇవాళ ఎలా ఉందో, నిర్వచనం వచ్చిన రోజున కూడా అలాగే ఉండాలి. నడిచాడో, మారిపోతుంది. బరువెత్తాడో, మారిపోతుంది. మారిపోయాక మనం కొలిచేది ఏ కండని? అంచేత సూచక రోగి మంచం దిగకూడదు."

"పడుకోబెడితే కండ కరిగిపోతుంది కదండీ," అన్నాను.

ఆయన నా వంక జాలిగా చూశారు. "ఆరోగ్యమంటే ఏమిటో ఇంకా తేలనే లేదు. తేలనిది తగ్గిపోతుందని ఎలా అంటావమ్మా? అది అశాస్త్రీయం."

మంచానికి "కదలరాదు" అన్న అట్ట వేలాడదీశారు. ఎర్రన్నకి చదువు రాదు. అదేదో తన పేరే అనుకుని, వచ్చినవాళ్ళకి చూపించి మురిసిపోయాడు.

సంఘంలో ఇద్దరు నిపుణులున్నారు. జనరల్ మెడిసిన్ డాక్టర్ కామేశం గారిది పరిమాణ పక్షం. కండ ఎంత లావుంటే అంత ఆరోగ్యమని ఆయన నమ్మకం. ఎముకల డాక్టర్ బలరామరాజు గారిది బల పక్షం. లావు సంగతి అనవసరం, పట్టు ఎంతన్నదే ముఖ్యమని ఆయన వాదన. ఇద్దరూ ఒకే క్వార్టర్సులో పైనా కిందా ఉంటారు. సంఘం ఏర్పడ్డాక మెట్ల మీద ఎదురుపడినా పలకరించుకోవడం మానేశారు.

మొదటి సమావేశం "కండ" అనాలా "కండరం" అనాలా అన్న దగ్గర ముగిసింది. రెండో సమావేశంలో కామేశం గారు కొలత టేపు తీసుకుని వార్డుకి బయల్దేరారు. మేమంతా ఆయన వెనక నడిచాం. దుప్పటి తీసి ఎర్రన్న పిక్క చుట్టూ టేపు వేశారు. ఎర్రన్నది మోకులాంటి ఒళ్ళు, పిడికెడు కొవ్వు ఉండదు. కామేశం గారు పెదవి విరిచారు.

"చాలా స్వల్పం. పోల్చడానికి ఒక ఆరోగ్యవంతమైన పిక్క కావాలి."

అందరం ఒకరి కాళ్ళు ఒకరం చూసుకున్నాం. చివరికి ఆఫీసు నుంచి హెడ్ క్లర్కు పాణిగ్రాహి గారిని పిలిపించారు. ఆయనది భారీ విగ్రహం. వార్డు పై అంతస్తులో ఉండటం, లిఫ్టు చెడిపోయి ఉండటం వల్ల ఆయన మధ్యలో రెండుసార్లు మెట్ల మీద కూర్చుని, నర్సు ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గోడ పట్టుకుని వచ్చారు. ఆయన పిక్కకు టేపు చాలలేదు. కామేశం గారి ముఖం వెలిగిపోయింది.

"చూశారా! ఇదీ కండర ఆరోగ్యం! రాయమ్మా, అత్యుత్తమం."

"నాకా?" అన్నారు పాణిగ్రాహి గారు ఆయాసపడుతూనే. ఆనందంతో ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన్ని కిందికి దించడానికి స్ట్రెచరు తెప్పించాల్సి వచ్చింది.

"ఓలమ్మో, ఆ బాబు బాగున్నట్టూ, మావోడు బాగునేనట్టూనా?" అంది దానమ్మ. రోజూ ఊర్నుంచి గిన్నెల సంచీ నెత్తిన పెట్టుకుని, బస్సు దిగి, ఆ మెట్లన్నీ ఎక్కి వచ్చే మనిషి ఆమె. చేపల గంప మోసిన మెడ. "ఏటి కొలతలివి తల్లీ?"

"ఇది శాస్త్రం అమ్మా," అన్నారు కామేశం గారు మర్యాదగానే.

బల పక్షం ఊరుకోలేదు. బలరామరాజు గారు చేతి పట్టు కొలిచే యంత్రం తెచ్చారు. పిడికిట్లో పట్టుకుని నొక్కితే ముల్లు తిరిగి ఎంత బలమో చూపిస్తుంది. ఆసుపత్రి మొత్తానికి అదొక్కటే ఉంది. ఇన్నాళ్ళూ బీరువాలో పట్టుగుడ్డ చుట్టి ఉంచారు.

"నీ శక్తి కొద్దీ నొక్కు ఎర్రన్నా," అన్నారాయన.

"ఇరిగిపోద్దేమో బాబూ."

"విరగదయ్యా. విదేశీ సరుకు."

ఎర్రన్న మొహమాటంగా నొక్కాడు. ముల్లు చివరిదాకా పరుగెత్తింది. లోపల టక్కుమని చప్పుడైంది. ముల్లు అక్కడ్నుంచి మళ్ళీ వెనక్కి రాలేదు.

బలరామరాజు గారు చప్పట్లు కొట్టబోయి కామేశం గారి ముఖం చూసి ఆగారు. "యంత్రం చూపించగలిగిన హద్దు దాటిన బలాన్ని నమోదు చేసే వీలు లేదు," అన్నారు కామేశం గారు. "నమోదు కానిది లేనట్టే. కనుక ఇతని బలం శూన్యం."

నేను ఆ ముక్క రాసుకున్నాను. కార్యదర్శిని కదా. ఎర్రన్న మాత్రం యంత్రం పాడుచేశానన్న దిగులుతో ఆ పూట అన్నం సరిగా తినలేదు. "నాను సెప్పేను గదమ్మా, ఇరిగిపోద్దని," అని నాతో అన్నాడు.

యంత్రం బాగుచేయించడానికి టెండరు పిలవాలి. పిలవడానికి ముందు అది పాడైందని ఒక కమిటీ తేల్చాలి. అంతవరకూ బలం సంగతి పక్కన పెట్టారు. అప్పుడు శేషశయనం గారే మధ్యేమార్గం చెప్పారు. పరిమాణమూ కాదు, బలమూ కాదు; కండ చేసే పనే కొలవాలి. కుర్చీలో కూర్చున్న మనిషి చేతులు ఊతం పెట్టకుండా లేవగలిగితే అతని కండ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఈ మాటకు రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. ఆ రోజు అందరం జీడిపప్పు తిన్నాం.

కాని కుర్చీ ఎలాంటిదై ఉండాలన్న ప్రశ్న వచ్చింది. ఎత్తెంత, వెనక వాలు ఎంత, సీటు చెక్కదా, ప్లాస్టిక్కుదా, అల్లికదా? అల్లిక అయితే కొన్నాళ్ళకి సాగి లోతు పెరుగుతుంది. అప్పుడు ఆరోగ్యం మనిషిదా, కుర్చీదా? బలరామరాజు గారు చెక్క అన్నారు. కామేశం గారు అల్లిక అన్నారు. వారం మీద వారం గడిచింది.

ఈ లోపల ఎర్రన్న మంచం మీద ఉన్నాడు. సింహాచలం కాపలా ఉన్నాడు. ఎర్రన్న మొదట్లో సరదాగానే ఉండేవాడు. వార్డులో కొత్తగా చేరినవాళ్ళకి తుఫానుల కబుర్లు చెప్పేవాడు. తర్వాత కబుర్లు తగ్గాయి. పగలు కూడా కళ్ళు మూసుకుని పడుకునేవాడు.

ఒక ఉదయం దానమ్మ వస్తూనే సంచీ కింద పెట్టి, "ఏటకి ఒగ్గేసినారు," అంది. "పడవలన్నీ ఎలిపోనాయి. మీ తమ్ముడు నీ బదులు వేరేవోణ్ణి ఎక్కించుకున్నాడు."

ఎర్రన్న కిటికీ వంక చూశాడు. అక్కణ్ణుంచి సముద్రం కనిపించదు, ఆసుపత్రి నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది.

"ఏ కుర్చీయో తేల్డానికి ఇన్నాళ్ళా తల్లీ?" అని దానమ్మ నా మీదికి వచ్చింది. "మా ఇంట్ల కుర్చీయే నేదు. పుట్టినకాడ్నుంచీ మావోడు లెగట్నేదా?"

నేను ఆ మాటని సంఘం ముందు పెట్టాను. కుర్చీ లేని ఇళ్ళలో కండరాల పరిస్థితి గురించి వేరే ఉపసంఘం వేయాలని తీర్మానించారు.

మర్నాడు పొద్దున నేను వార్డులోకి అడుగుపెట్టేసరికి ఎర్రన్న నేల మీద కూర్చుని ఉన్నాడు. మంచం మీదే అన్నీ కానివ్వడం ఆయనకు మొదట్నుంచీ సిగ్గుగా ఉండేది. సింహాచలం టీకి వెళ్ళిన సమయం చూసి, బాత్రూముకి వెళ్దామని లేచాడట. మోకాళ్ళు మడతపడి కూలబడ్డాడు. దెబ్బేమీ తగల్లేదు. పైజమా మోకాళ్ళదాకా లాక్కుని, తన కాళ్ళ వంక తానే చూసుకుంటున్నాడు. పిక్కలు జారిపోయి, ఎముక పక్కన చర్మం వేలాడుతోంది.

"ఐమావతమ్మా," అన్నాడు, "ఇయ్యి నా కాళ్ళేనా?"

నేను ఆయన పక్కన కూర్చుని పైజమా కిందికి లాగాను. దానమ్మ అప్పుడే మెట్లెక్కి వచ్చింది. ఆయన చంకల కింద చేతులు వేసి ఎత్తి మంచం మీద కూర్చోబెట్టి, కొంగుతో ఆయన ముఖం తుడిచింది. తర్వాత తన ముఖం తుడుచుకుంది.

ఆ రోజు నుంచి నేను దుప్పటి కింద కసరత్తు మొదలుపెట్టించాను. పాదం పైకి, కిందికి. మోకాలు బిగించడం, వదలడం. పైకి చూస్తే మనిషి కదలనట్టే ఉంటుంది. సింహాచలం ఆ సమయానికి గోడ వైపు తిరిగి క్యాలెండరు చూసేవాడు. ఎవరో చెప్పారు కాబోలు, నాకు మెమో వచ్చింది: "సూచక రోగి కండరములను అనుమతి లేకుండా మెరుగుపరచుటకు యత్నించినట్లు తెలియవచ్చినది. సంజాయిషీ ఇవ్వవలెను." దోమ కుట్టి కాలు కదిపాడని సంజాయిషీ రాశాను. దోమల మీద వేరే మెమో వెళ్ళింది.

ఆఖరికి నిర్వచనం తయారైంది. దాని చివరి అడ్డంకి "రోగి" అన్న మాట. ఆరోగ్యం తేల్చకముందే మనిషిని రోగి అనడం ముందుగా తీర్పు చెప్పినట్టు అవుతుందని కామేశం గారు అభ్యంతరం చెప్పారు. అందరికీ సబబుగా తోచింది. రోగి అన్నచోటల్లా "వ్యక్తి" అని మార్చారు. నిర్వచనం ఇలా ముగిసింది: "కండర ఆరోగ్యమనగా అనారోగ్యము లేని కండరము యొక్క స్థితి. ఆసీనుడైన వ్యక్తి హస్తముల ఊతము లేక వరుసగా ఐదు పర్యాయములు లేచి నిలబడగలిగినచో సదరు స్థితి ఉన్నట్లు భావించవలెను. అట్లు లేవజాలని ఏ వ్యక్తియు, హోదాతో నిమిత్తము లేకుండ, ఆవరణము దాటరాదు. ఆసనము ఎట్టిదైనను చెల్లును." ఆ చివరి వాక్యం కుర్చీ గొడవ తెగక పెట్టింది. హోదా ముక్క పాణిగ్రాహి గారు భాష నిండుగా ఉంటుందని చేర్చారు.

ఆవిష్కరణ సభకు రాజధాని నుంచి డైరెక్టరు గారు వచ్చారు. హాల్లో వేదిక మీద ఎవరో దాత ఇచ్చిన పెద్ద పెద్ద మెత్తటి సోఫాలు వేశారు. కూర్చుంటే మనిషి నడుందాకా దిగిపోతాడు. శాలువాలు, పూలబొకేలు, జ్యోతి ప్రజ్వలన, నిర్వచనం మీద డైరెక్టరు గారి సంతకం అయ్యాక ఎర్రన్నను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. డైరెక్టరు గారి చేతుల మీదుగా మొదటి పరీక్ష.

"లే నాయనా," అన్నారు డైరెక్టరు గారు.

ఎర్రన్న చేతులు గుండెలకు కట్టుకుని లేవబోయాడు. సగం లేచాడు. కాళ్ళు వణికాయి. మళ్ళీ కూర్చున్నాడు. ఇంకోసారి ప్రయత్నించాడు. మెడ నరాలు పొంగాయి. ఈసారి అంత కూడా లేవలేకపోయాడు. తలొంచుకున్నాడు.

హాలంతా చప్పట్లు.

"చూశారా సార్!" అన్నారు శేషశయనం గారు. "మన నిర్వచనం పుట్టిన రోజునే ఒక అనారోగ్యాన్ని పట్టుకుంది. ఇది లేకపోతే ఈ మనిషి ఎప్పుడో ఇంటికి వెళ్ళిపోయేవాడు. ఎవరికీ తెలిసేదే కాదు!"

"ఎలిపోతే సేపలు పట్టుకునీవోడు బాబూ!" దానమ్మ వెనక వరుసలోంచి లేచి నిలబడింది. "జొరంతో వొచ్చినోణ్ణి మంచానికి అతికించేసి, ఇప్పుడు లెగనేదని సప్పట్లు కొడతన్నారా? ఈ రోగం ఎవలెట్టినారు?"

"ఆమె ఉద్వేగంలో ఉన్నారు," అన్నారు డైరెక్టరు గారు పెద్దమనసుతో. "జబ్బు ఉందని తెలిసినప్పుడు కుటుంబ సభ్యులకు సహజం. ఇక నేను సెలవు తీసుకుంటాను. విశాఖపట్నంలో విమానం ఉంది."

సింహాచలం తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో కొత్త ఉత్తర్వు ఉంది.

"సార్, ఐదుసార్లు లెగాలి సార్."

"ఎవరయ్యా?"

"ఆవరణ దాటే ఏ వ్యక్తైనా సార్. హోదాతో పని లేదని రాసుంది సార్. కింద తమరి సంతకమే ఉంది సార్."

డైరెక్టరు గారు నవ్వారు. అందరూ నవ్వారు. సింహాచలం నవ్వలేదు. ఆ మంచం దగ్గర ఇన్ని వారాలు నిలబడి అతను ఆ సంఘం భాషని అక్షరాలా నమ్మడం నేర్చుకున్నాడు. అలా అని అందరూ అనుకున్నారు. నేనైతే అతని ముఖం చూశాను గనక ఇంకేమీ చెప్పను.

"సరే, చట్టం అందరికీ ఒకటే," అని డైరెక్టరు గారు ఠీవిగా సోఫాలో వెనక్కి జరిగి, చేతులు కట్టుకుని, లేవబోయారు. సోఫా వదల్లేదు. ముందుకు ఊగి మళ్ళీ ప్రయత్నించారు. శాలువా జారింది, ఆయన మాత్రం కదల్లేదు.

"సోఫా లోతుగా ఉంది," అన్నారు.

"ఆసనము ఎట్టిదైనను చెల్లును సార్," అన్నాడు సింహాచలం చూసి చదువుతూ.

బలరామరాజు గారు ఉత్సాహంగా రెండుసార్లు లేచి మూడోసారికి మోకాలు పట్టుకున్నారు. కామేశం గారు సగంలో ఆగిపోయి, పైకీ రాలేక కిందికీ వెళ్ళలేక, అలాగే ఉండి నీళ్ళడిగారు. శేషశయనం గారు ప్రయత్నం చేయకుండానే, తనకు మహాసభలో నడుం పట్టేసిందని చెప్పారు. అత్యుత్తమ పిక్కల పాణిగ్రాహి గారు సోఫాలో కనిపించనే లేదు. వెతికితే దిండ్ల మధ్య ఉన్నారు. హాలు మొత్తం మీద దానమ్మ ఒక్కతే ఐదుసార్లు లేచి కూర్చుని, "ఇంకా లెగాలేటి?" అని అడిగింది.

మధ్యాహ్నం భోజనాలు సోఫాల దగ్గరికే తెచ్చారు. విమానం వెళ్ళిపోయింది. వడ్డించిన బిరియాని వల్ల పరిస్థితి ఏమీ తేలికపడలేదు.

"నిర్వచనాన్ని పునఃపరిశీలన నిమిత్తం నిలుపుదల చేద్దాం," అన్నారు శేషశయనం గారు చివరికి.

"చేస్తే మరీ కష్టం సార్," అని దిండ్ల మధ్య నుంచి పాణిగ్రాహి గారి గొంతు వినిపించింది. "నిర్వచనం లేకపోతే పాత సర్క్యులర్ అమల్లోకి వస్తుంది. అప్పుడు యథాతథ స్థితి. ఎవరూ కదలకూడదు."

ఎవరూ కదల్లేదు. ఆ మాట అర్థమవడానికి కొంచెం సమయం పట్టింది. ఎంతకాలమో తెలియకుండా ఆ సోఫాలో కూర్చుని ఉండటం డైరెక్టరు గారి కళ్ళముందు మెదిలింది కాబోలు, ఆయన ముఖంలో మొదటిసారి ఎర్రన్న మీద కుతూహలం కనిపించింది.

"ఇతను ఎన్నాళ్ళుగా పడుకుని ఉన్నాడు?" అని మెల్లగా అడిగారు.

నేను చెప్పాను.

"సర్క్యులర్, నిర్వచనం, సంఘం, మూడూ రద్దు," అన్నారాయన. "కాగితం ఇటు తెండి. ఇక్కడికే తెండి."

సంతకం ఆరకముందే దానమ్మ చక్రాల కుర్చీ దగ్గరికి వచ్చేసింది. "లెగు. ఇంటికెల్దాం," అంది. ఎర్రన్న ఒక చెయ్యి ఆమె భుజం మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేసి లేచాడు. మెట్ల దగ్గర సింహాచలం వచ్చి ఆయన్ని అలాగే ఎత్తుకుని కింద దాకా దింపాడు. మా వెనక హాల్లో పెద్దవాళ్ళను సోఫాల్లోంచి లాగుతున్న చప్పుడు వినిపించింది.

నేను ఆదివారాలు వాళ్ళ ఊరు వెళ్ళడం మొదలుపెట్టాను. మొదట గుమ్మంలో నిలబడటం. తర్వాత వీధి చివరిదాకా. తర్వాత ఇసుకలో. ఇసుకలో నడక నేల మీద నడకలా ఉండదు. ఎర్రన్న కొన్నిసార్లు కోపంతో కర్ర విసిరేసేవాడు. పడవలు వచ్చే వేళకి ఒడ్డుకి వెళ్ళడానికి ఇష్టపడేవాడు కాదు. తమ్ముడు పడవలోంచి దిగుతూ పలకరిస్తే తల తిప్పుకునేవాడు. దానమ్మ మాత్రం రోజూ తిట్టి మరీ నడిపించింది. ఆమె తిట్లలో ఉన్న మందు మా ఆసుపత్రిలో దొరకదు. వానలు ముదిరేసరికి ఆయన కర్ర వదిలాడు. చలి మొదలయ్యేసరికి ఒడ్డు నుంచి లాగే పెద్దవల తాడు పట్టుకున్నాడు. వరుసలో అందరికంటే వెనక నిలబడ్డాడు. అయినా పట్టుకున్నాడు.

అలాంటి ఒక ఆదివారం ఒడ్డుకి జీపు వచ్చింది. శేషశయనం గారు బూట్లతో ఇసుకలోకి దిగారు. మరో మహాసభకు వ్యాసం రాస్తున్నారట. కండరం కోల్పోయి తిరిగి పొందిన వ్యక్తి మీద. చేతిలో కొత్త పట్టు యంత్రం ఉంది.

"ఎర్రన్నా, ఒక్కసారి ఇది నొక్కు."

వల సగం దూరంలో ఉంది. తాడు బిగుసుకుని ఉంది. "ఇప్పుడు సెయ్యి ఒగ్గితే వలెలిపోద్ది బాబూ," అన్నాడు ఎర్రన్న. "మడిసి తక్కువయ్యేడు. తమరూ ఓ సెయ్యెయ్యండి."

శేషశయనం గారు అటూ ఇటూ చూశారు. మెమో ఇచ్చేందుకు అక్కడ ఎవరూ లేరు. యంత్రం నాకిచ్చి, బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, ఎర్రన్న వెనక తాడు పట్టుకున్నారు. మొదటి గుంజుకే బోర్లా పడ్డారు. ఎర్రన్న ఒక చెయ్యి వదిలి ఆయన్ని చొక్కా పట్టుకుని లేపాడు. "కాలి ఏళ్ళు ఇసకలో దిగెయ్యండి బాబూ. ఎనక్కి వాలండి. అదీ!" ఆయన లాగారు. మళ్ళీ పడ్డారు. మళ్ళీ లాగారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వల ఒడ్డెక్కేసరికి ఆయన ముఖం ఎర్రగా కందిపోయి, చొక్కా తడిసి, అరచేతులు బొబ్బలెక్కాయి. నవ్వుతున్నారు. ఆయన అలా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు.

దానమ్మ చేపలు కుప్పలు పోసింది. ఒక కుప్పని ఆకులో చుట్టి ఆయన ముందు పెట్టింది.

"నాకెందుకమ్మా?"

"లాగినోళ్ళందరికీ వాటా ఉంటాది బాబూ."

ఆయన ఆ పొట్లాన్ని రెండు చేతులా పట్టుకున్నారు. వ్యాసం మాట ఎత్తలేదు. జీపు వైపు వెళ్తూ వెనక్కి తిరిగి, చిన్నపిల్లాడిలా అడిగారు.

"నా కండ ఎలా ఉందంటావు దానమ్మా?"

"నాకేటి తెలుస్తాది? రేపు పొద్దున్న మంచం మీద్నుంచి లెగండి. అదే సెప్తాది."

మర్నాడు సూపరింటెండెంటు గారు సెలవు పెట్టారు.